కాలరుకి రాసుకున్న బ్రాందీ

పిట్ట తాగుబోతయ్యాడన్న వార్త ఆదివారం మధ్యాహ్నం ఒక పెళ్ళి విందులో పుట్టింది. సోమవారం పొద్దు బాగా ఎక్కకముందే నడుచుకుంటూ వాళ్ళావిడ ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చేసింది. ఆవిడ పనిచేసే లాండ్రీకి టౌనులో సగం ఇళ్ళ బట్టలు వస్తాయి. బట్టలతో పాటు కబుర్లూ వస్తాయి. దుప్పట్లు తెచ్చిన ఒక పెద్దావిడ, "మీ ఆయన నిన్న మా మేనకోడలి పెళ్ళిలో భలే హుషారుగా ఉన్నాడమ్మా" అంది. హుషారు అన్న మాట దగ్గర కళ్ళు చిన్నవి చేసింది. ఇస్త్రీ పెట్టె ఉన్నచోటే ఆగిపోయింది. ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది.

నిజానికి ఆవిడకి ముందు నవ్వొచ్చింది. పిట్టేమిటి, తాగడమేమిటి? చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుందని ఎండాకాలంలో కూడా గోరువెచ్చటి నీళ్ళు తాగే మనిషి. దగ్గు సిరప్ రెండు చెంచాలు వేసుకోమంటే అందులో మత్తుంటుందని ఒక చెంచాతో సరిపెట్టేవాడు. ఆ గొంతుని చూసే తనని ఇచ్చారు. చూడ్డానికి ఏముంది, ఎండిన పుల్లలా ఉంటాడు. కానీ మైకు ముందు నోరు తెరిచాడంటే హాలు వెనక గిన్నెలు కడిగేవాళ్ళు కూడా కుళాయి కట్టేసి వింటారు. "ఇంత పిట్టకి అంత గొంతేమిట్రా" అని ఆర్కెస్ట్రా మాస్టారు ఒకసారి అన్నందుకు పిట్ట అన్న పేరు పడి, అసలు పేరు పెళ్ళి శుభలేఖతోనే ఆఖరైపోయింది.

ఆ ఆదివారం జరిగింది ఇదీ.

మొదటి రెండు పాటలు బ్రహ్మాండంగా పాడాడు. మూడోపాట చరణం ఎత్తుకునేసరికి మాటలు నోట్లోంచి రావడం మానేసి ముక్కులోంచి దారి వెతుక్కున్నాయి. పైస్థాయికి వెళ్ళబోతే గొంతు సగం మెట్ల మీద కూలబడ్డ ముసలివాడిలా ఇక ఎక్కనంది. నాలుక బరువెక్కింది. ఎడమకంటి రెప్ప దుకాణం షట్టరులా సగానికి దిగింది. ముందు వరసలోంచి ఒక కుర్రాడు, "ఏం గురూ, ఫుల్లా!" అని అరిచాడు. బల్లల చుట్టూ నవ్వులు లేచాయి. కీబోర్డు దగ్గరున్న మాస్టారు పాటని చప్పున తన వేళ్ళలోకి లాగేసుకుని, ఆడగొంతు పాటలు పాడే చెల్లెమ్మకి కళ్ళతోనే మైకు అప్పగించాడు.

తెరవెనక్కి రాగానే మాస్టారు పిట్ట మొహంలోకి వంగి చూశాడు. "గొంతుకేమైందిరా?"

ఆ అడగడంలో ఏముందో పిట్టకి తెలుసు. వాళ్ళ ఆర్కెస్ట్రాలో పిట్టకి ముందు ఒక పెద్దగొంతాయన పాడేవాడు. గొంతులో చిన్న గడ్డ వచ్చిందని నిజాయితీగా చెప్పుకున్నాడు. అందరూ అయ్యో అన్నారు, పళ్ళు కొనుక్కుని చూడ్డానికి వెళ్ళారు, ఆ వారమే పిట్టని తెచ్చి మైకు ముందు నిలబెట్టారు. గడ్డ తీసేశాక ఆయన బాగానే తిరిగొచ్చాడు కానీ మైకు తిరిగి రాలేదు. ఇప్పుడు స్పీకర్ల వైర్లు చుడతాడు. ఆయనతో అందరూ మెల్లగా, మర్యాదగా, పోయినవాళ్ళ ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆ మర్యాద చూస్తేనే పిట్టకి ఒళ్ళు జలదరిస్తుంది.

మాస్టారు చూపు ఇంతలో వాలిపోయిన కనురెప్ప మీద పడింది. మొహం విప్పారింది. "ఓరి నీ దుంపతెగ! వేసుకొచ్చావా?"

"కొంచెం, మాస్టారూ" అన్నాడు పిట్ట.

"హమ్మయ్య! గొంతే పోయిందనుకుని చచ్చాను కదరా!" మాస్టారు వీపు మీద ఒక్కటి చరిచి పగలబడి నవ్వాడు. "మజ్జిగో ఏదో తాగి మొహం కడుక్కో. సాయంత్రం రిసెప్షనుకి దిగిపోవాలి."

మాస్టారి లెక్కలో తాగినవాడికి మర్నాడనేది ఉంటుంది. జబ్బు చేసినవాడికి అది ఉండదు. పిట్ట మొహం కడుక్కుని ఓ మూల కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అంతసేపు కూర్చున్నాక గొంతు దానంతటదే తిరిగొచ్చింది. సాయంత్రం తిరిగొచ్చిన గొంతుతో పాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. దాంతో ఆ అబద్ధానికి ముద్ర పడిపోయింది.

సోమవారం రాత్రి భోజనాల దగ్గర వాళ్ళావిడ ఇంకా సగం నవ్వుతూనే అడిగింది. "ఏవండీ, మీరు తాగొచ్చారని టౌనంతా అంటోంది. ఎవడు పుట్టించాడండీ?"

పిట్ట కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. కొన్నాళ్ళుగా భోజనం సగమయ్యేసరికి దవడలు అలిసిపోతున్నాయి. నమలడానికి గడ్డం కింద చెయ్యి ఆనించుకోవలసి వస్తోంది. ఈ సంగతి చెబుదామనే నోరు తెరిచాడు. ఆవిడకి చెబితే తమ్ముడికి చెబుతుంది. తమ్ముడు ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయిస్తాడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వెనకే మాస్టారు, ఆ వెనకే పళ్ళ సంచులు.

"ఏదో... స్నేహితులు బలవంతం చేస్తే" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆ మాట మీద ఎక్కడో జారిపోయింది. తన కంచం తీసుకుని లేచింది. ఆ తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు, గోడలతోనూ గిన్నెలతోనూ చెప్పేది. "నీళ్ళు కాగాయి, పోసుకునేవాళ్ళు పోసుకోవచ్చు." "కంచం పెట్టాను, తినేవాళ్ళుంటే తినొచ్చు." స్టేజీ చొక్కాలు ఇస్త్రీ చెయ్యడం కూడా ఆపేసింది. టౌనులో సగంమంది చొక్కాలు మడత నలగకుండా చేసే మనిషి మొగుడు, గుడ్డలమూటలోంచి లేచొచ్చినట్టు స్టేజీ ఎక్కడం మొదలెట్టాడు. మాస్టారు చూసి, "ఇప్పుడు నిఖార్సైన తాగుబోతులా ఉన్నావురా" అని మెచ్చుకున్నాడు కూడా.

ఆస్పత్రికి మాత్రం పిట్ట ఎవరికీ తెలియకుండా వెళ్ళొచ్చాడు. నరాల డాక్టరమ్మ చిన్నమనిషి, చకచకా మాట్లాడుతుంది. అతన్ని తల కదపకుండా కప్పు కేసి చూస్తూ ఉండమంది. చూస్తూ చూస్తూ ఉండగానే రెప్పలు రెండూ దిగిపోయాయి. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి కాసేపు కంటి మీద పెడితే మళ్ళీ లేచాయి. ఆవిడ రక్తం తీయించి, రిపోర్టు వచ్చాక మళ్ళీ పిలిచి చెప్పింది.

"మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు. బయటి దొంగల్ని కొట్టడానికి. నీ ఒంట్లో వాళ్ళు బుర్ర తిరిగి ఇంట్లోవాళ్ళని కొడుతున్నారు. నరం చెప్పిన మాట కండకి చేరకుండా మధ్యలో అడ్డం పడుతున్నారు. అందుకే ముందు బాగుంటుంది, వాడేకొద్దీ నీరసిస్తుంది, కాస్త ఆగితే మళ్ళీ వస్తుంది. మాత్రలు వాడితే చాలావరకు కుదురుతుంది. ఏం పని చేస్తావు?"

"పాడతానమ్మా."

చకచకా మాట్లాడే ఆవిడ ఆగింది. "మాటకి ఇబ్బంది రాకుండా చూడగలను. గంటలకొద్దీ పాట సంగతి నేను మాటివ్వలేను బాబూ. ఇంకోటి, ఇంట్లో చెప్పు. ఎప్పుడైనా మింగుడు పడకపోయినా, ఊపిరి అందకపోయినా, వెంటనే ఇక్కడికి తేవాలని వాళ్ళకి తెలియాలి."

"చెబుతానమ్మా" అన్నాడు పిట్ట. ఆమాత్రం అబద్ధం అతనికి అప్పటికి అలవాటైపోయింది.

చిక్కు ఇంకోవైపు నుంచి వచ్చింది. డ్రమ్ములు వాయించే బావమరిదిని అందరూ దరువు అంటారు. కొన్నేళ్ళ కిందట దరువు తాగినంతగా ఆ టౌనులో మురిక్కాలవలు కూడా తాగలేదని చెప్పుకునేవారు. వాణ్ణి మాన్పించింది పిట్టే. చేతులు వణుకుతుంటే, పాములు కనిపిస్తున్నాయని అరుస్తుంటే, పక్కన కూర్చుని పాట ఎత్తుకునేవాడు. "ఏదీ, దీనికి వాయించు" అని తలకిందులు చేసిన బకెట్ ముందు పెట్టేవాడు. వాడి వేళ్ళు తాళం పట్టుకునేదాకా, పట్టుకున్నాక నిద్ర పట్టేదాకా పాడేవాడు. అలా పాటతో లాగి వాణ్ణి ఒడ్డున పడేశాడు. అప్పట్నుంచి వాడు టీ తప్ప ఏదీ ముట్టలేదు.

రిహార్సల్స్ కుర్చీలు చేసే షెడ్డు మీద గదిలో జరిగేవి. గోడలకి చప్పుడు బయటికి పోకుండా గుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక దరువు అతని దగ్గరికి వచ్చి, మొహంలో మొహం పెట్టి, కుక్కలా వాసన చూశాడు.

"ఏంట్రా అది?"

"ఇందాక ముక్కుతో పాడావు కదా బావా. తాగావన్నారు. మరి వాసనేది?"

పిట్ట మొహం పక్కకి తిప్పుకుని మైకు వైరు చుట్టడం మొదలెట్టాడు.

"నా దగ్గర దాస్తావేంటి బావా? ఆ చదువులో నేను పట్టా పుచ్చుకున్నవాణ్ణి. తాగినోడు చెవిలోంచి కూడా వాసనొస్తాడు. నిజం చెప్పు, ఒంట్లో బాలేదా?" వాడి గొంతులో నిజమైన భయం ఉంది. ఆ భయం చూసి కరిగిపోవలసినవాడు ఇంకాస్త బిగుసుకున్నాడు.

"వాసన రాని రకం తాగానురా" అన్నాడు.

"ఆ రకం దొరికుంటే నేనెందుకు మానేస్తాను బావా!" అని దరువు నవ్వాడు కానీ, కళ్ళలోంచి అనుమానం పోలేదు.

మర్నాడు పిట్ట జీవితంలో మొదటిసారి బ్రాందీ షాపు కౌంటరు ముందు, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏది కావాలి?" అన్నాడు షాపువాడు.

"వాసన బాగా వచ్చేది."

షాపువాడు తన సర్వీసులో అలాంటి బేరం చూడలేదు. పైనుంచి కిందికి ఓసారి చూసి అన్నిటికంటే చవకది చేతిలో పెట్టాడు. పిట్ట ఆ సీసాని మైకు పెట్టెలో స్పాంజి కింద దాచాడు. ప్రోగ్రాం ఉన్నరోజు స్టేజీ ఎక్కేముందు ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేవాడు. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, పెళ్ళికి వెళ్తూ సెంటు రాసుకున్నట్టు కాలరుకి రాసుకునేవాడు. మాత్ర వేళకి వేసుకుంటే నాలుగైదు పాటలు నిలబడేవి. నిలబడనప్పుడు ఆ కాలరు కాపాడేది. జనం నవ్వేవారు, మాస్టారు తిట్టేవాడు, చెల్లెమ్మ మూతి తిప్పుకుని మైకు అందుకునేది. ఆ తిట్లలో పిట్టకి ఒక సుఖం ఉండేది. తిడుతున్నారంటే ఇంకా తను లెక్కలో ఉన్నట్టే.

అతను లెక్కవేసుకోనిది స్టేజీ ఫ్యాను. గాయకుడికి చెమట పట్టకుండా ఆ పెద్ద ఫ్యానుని ముందువైపు పెడతారు. ఆ గాలి పిట్ట కాలరు మీదుగా తిన్నగా వెనక్కి, డ్రమ్ముల మీదికి పోతుంది.

"బావా," అన్నాడు దరువు ఒకనాడు టీ కొట్టు దగ్గర, గ్లాసులోకి చూస్తూ. "నువ్వు తాగితే తాగు, నీ ఇష్టం. నాకు నీతులు చెప్పే అర్హత లేదు. కొంచెం పక్కకి జరిగి నిలబడు. ఆ వాసన నేరుగా నా మొహానే కొడుతోంది. నోరూరుతోంది బావా."

తల కొట్టేసినట్టయింది. అక్కడే, ఆ టీ కొట్టు బల్ల మీదే చెప్పెయ్యొచ్చు. ఎదురుగా ఉన్నది తను చేతులు పట్టుకుని బకెట్ మీద తాళం వేయించిన మనిషి. కానీ పిట్ట కళ్ళ ముందు మాస్టారి మొహమే మెదిలింది, వంగి గొంతులోకి చూస్తున్న మొహం.

"ఫ్యాను జరిపిస్తాలే" అన్నాడు.

జరిపించాడు కూడా. తర్వాత వారం మైకు పెట్టె తెరిస్తే సీసాలో బ్రాందీ తను వదిలిన చోట లేదు, బాగా కిందికి దిగి ఉంది. మూత సరిగా బిగించలేదేమో, ఆవిరైపోయిందేమో అనుకున్నాడు. ఆ వారం వానలు, గోడలే ఆరడం లేదు. ఆవిరి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నని మాత్రం తనని తాను అడగలేదు. సీసాని అక్కణ్ణించి తీసి వేరే సంచీలో పెట్టుకున్నాడంతే. అప్పటికే దరువుకి అతని సీసాతో పని లేకుండా పోయిందని తెలుసుకోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

అది ఒక ఫర్నిచరు షోరూం ప్రారంభోత్సవం. పొద్దున పూట. కొత్త సోఫాల మధ్య చిన్న స్టేజీ వేశారు. దరువు ఆలస్యంగా వచ్చాడు. నల్లకళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. మొదటి పాటలోనే తాళం నడుస్తూ నడుస్తూ పరుగెత్తింది, పరుగెత్తుతూ కూర్చుంది. పిట్ట ఒకదారి, డ్రమ్ములు ఒకదారి అయ్యాయి. రెండోపాటలో దరువు స్టాండు మీది ఇత్తడి తాళం కొట్టబోయి పట్టు తప్పి, స్టాండుతో సహా పక్కనున్న తెల్లసోఫా మీద పడ్డాడు. పడ్డవాడు దాని మీదే కక్కుకున్నాడు.

షోరూం ఓనరు వేసిన కేకలు వీధి చివరిదాకా వినపడ్డాయి. మాస్టారు దరువుని కాలరు పట్టుకుని అందరి ముందూ లేపాడు. "పాడేవాడు తూలితే జనం నవ్వుకుంటారు. వాయించేవాడు తూలితే ఇంకేముందిరా? బావని చూసి మళ్ళీ మొదలెట్టావా? ఇక నా గడప తొక్కకు. కర్రలు ఇక్కడ పెట్టి పో!"

దరువు కళ్ళజోడు కింద పడి ఉంది. ఎర్రటి కళ్ళతో పిట్ట వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఇద్దరు తాగుబోతుల మధ్య ఉండే చుట్టరికం ఉంది. 'నువ్వైనా ఒక మాట చెప్పు బావా' అన్న చూపు. పిట్ట జేబులో మాత్రల డబ్బా ఉంది. నోట్లో ఆ పొద్దున వేసుకున్న మాత్ర బలం ఉంది. మాట పలుకుతుంది, శుభ్రంగా పలుకుతుంది. ఒక్క వాక్యం చాలు. కుక్కిన పేనులా నిలబడ్డాడు. దరువు రెండు కర్రలూ స్టేజీ అంచున పెట్టి, సోఫాల మధ్యనుంచి తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంటికొచ్చేసరికి ముందుగదిలో సంచీ సర్ది ఉంది. దరువు గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. మత్తు దిగింది కానీ మొహం వాచి ఉంది. వాళ్ళావిడ ఇస్త్రీ చేసిన తన బట్టలు సంచీ మీద పెడుతూ, చాలాకాలానికి గోడలతో కాకుండా అతనితోనే మాట్లాడింది.

"నా తమ్ముణ్ణి తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతున్నాను. నువ్వు వాణ్ణి పైకి లాగావని నీ కాళ్ళకి మొక్కాను కదా. మళ్ళీ నువ్వే తోసేశావు. ఇక నీ దారి నీది."

పెళ్ళైనప్పట్నుంచి ఆవిడ నోట మీరు తప్ప వినలేదు. ఆ నువ్వు సూదిలా దిగింది.

"నేను తాగలేదు" అన్నాడు పిట్ట.

దరువు నేల మీంచే నవ్వాడు. "ఈ డైలాగు నాదే బావా. నేను రోజూ చెప్పేవాణ్ణి."

"ఒట్టు. ఒక్కరోజు కూడా తాగలేదు. నాకు జబ్బు. నరాలకీ కండలకీ మధ్య... గొంతు వాడేకొద్దీ పోతుంది. కాసేపాగితే వస్తుంది. డాక్టరమ్మ చెప్పింది. ఇవిగో మాత్రలు."

వాళ్ళావిడ డబ్బా అందుకోనైనా లేదు. "తాగుబోతులకి మాత్రలివ్వరా ఏంటి? కాసేపుండి, కాసేపు పోయే జబ్బట! తాగుడు కూడా అంతేగా, రాత్రి ఎక్కుతుంది, పొద్దున దిగుతుంది." అంతలో ఏదో తోచినట్టు దగ్గరికొచ్చింది. "ఏదీ, ఊదు."

ఊదాడు. ఏ వాసనా లేదు. ఆవిడ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది.

"ఇంకా పొద్దు పోలేదుగా అక్కా" అన్నాడు దరువు నీరసంగా. "ఇవాళ్టిది మొదలెట్టలేదేమో."

మాటలతో పని జరగదని పిట్టకి అర్థమైంది. తాగుబోతు కాని తాగుబోతుని తయారు చేసింది తనే. వాళ్ళు నమ్మినదానికి మెరుగులు దిద్దింది తనే. ఇప్పుడు అది చెరపాలంటే ఇన్నాళ్ళు కాలరు చాటున దాచినది నడిగదిలో, పట్టపగలు విప్పి చూపించాలి. ఆ పొద్దున మాత్ర వేసుకోలేదు, ప్రోగ్రాం లేదు కదా అని.

గది మధ్యన నిలబడి పాట ఎత్తుకున్నాడు. ఏ ప్రోగ్రామైనా ముందు పాడే పాటే. మొదటి వరస గంటలా పలికింది. వాళ్ళావిడ సంచీ మీద చెయ్యి ఆపింది. అలవాటు కొద్దీ దరువు వేళ్ళు నేల మీద తాళం అందుకున్నాయి. పల్లవి అయింది. మొదటి చరణం సగం నడిచింది. అక్కణ్ణించి అక్షరాలు మెత్తబడ్డాయి. ఒకదాని మీద ఒకటి కూలబడి, ముక్కు దారి పట్టాయి. ఎడమ రెప్ప దిగింది, దాని వెనక కుడిరెప్ప. పై స్వరం కోసం నోరు తెరిచాడు, గాలి వచ్చింది కానీ పాట రాలేదు. కింది దవడ వేలాడింది. చేత్తో గడ్డాన్ని పైకి ఎత్తి పట్టుకుని, ఆ చేతిమీదే మిగిలిన మాటల్ని నమిలాడు. నోటి చివరనుంచి చొంగ మణికట్టు మీదికి కారింది. తుడుచుకోలేదు.

"ఆపండి" అంది వాళ్ళావిడ.

ఆపలేదు. కొంచెం మిగిలి ఉండగా ఆపితే అది కూడా దాచినట్టే అవుతుంది. రెండో చరణం అంతా మూలిగాడు. అది పాటని తెలియడానికి ఇక దరువు వేళ్ళే ఆధారం. చివరికి ఆ వేళ్ళు కూడా ఆగిపోయాయి. పిట్ట నోరు ఇంకా కదులుతోంది, చప్పుడు లేదు. చూస్తుంటే ఎవరో గొంతు నులిమిన బొమ్మలా ఉన్నాడు.

"ఆపండి, మీకు దణ్ణం పెడతాను ఆపండి!" ఆవిడ వచ్చి గడ్డం కింద తన చెయ్యి పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టింది. కొంగుతో మూతి తుడిచింది. "ఊపిరి ఆడుతోందా? ఆడుతోందా?"

ఆడుతోందని తల ఊపాడు. ఆవిడ పక్కన నేల మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందో, కోప్పడుతోందో తెలియలేదు. "ఇన్నాళ్ళు ఒక్క చొక్కా ఇస్త్రీ చేసివ్వలేదు" అనుకుంది తనలో తాను.

ఈ ఘట్టం ఇక్కడితో అయిపోతుందని, వాళ్ళిద్దరూ తన మీద జాలిపడతారని పిట్ట అనుకున్నాడు. ఆ జాలికి కూడా సిద్ధపడే పాడాడు. కానీ దరువు నేల మీంచి కదల్లేదు. చాలాసేపు తన వేళ్ళకేసి చూసుకుని, తలెత్తాడు.

"బావా. ఆ కాలరు వాసన?"

పిట్ట అరచేత్తో కాలరు మీద రాసుకున్నట్టు చూపించాడు.

"రాసుకున్నావా? సెంటులాగా?"

తల ఊపాడు.

"నాకు నోరూరుతోందని చెప్పాక కూడా?"

కొంచెం ఆగి, తల ఊపాడు.

దరువు గొంతు తగ్గింది. "నిన్న మాస్టారు నా కాలరు పట్టుకున్నప్పుడు... నువ్వు ఎదురుగా ఉన్నావు. తాగి ఉన్నావనుకున్నాను. తాగినోడికి ఎవడేం చేస్తున్నాడో సగం తెలీదు, నాకు అది తెలుసు. అందుకని నీ మీద కోపం కూడా రాలేదు. అయితే... తెలివిలోనే ఉన్నావన్నమాట?"

పిట్ట కళ్ళు దించుకున్నాడు. దించుకోవడానికి కష్టపడక్కర్లేదు, రెప్పలు దిగే ఉన్నాయి. తల ఊపాడు.

"మాట పలికేదా అప్పుడు?"

ఈసారి తల ఊపడానికి మెడ బరువెక్కింది. అయినా ఊపాడు. తాగుబోతని పేరు పడ్డప్పుడు, నలిగిన చొక్కాతో స్టేజీ ఎక్కినప్పుడు, ఇప్పుడు చొంగ కారుస్తూ నిలబడ్డప్పుడు పడ్డ సిగ్గంతా కలిపినా దీని పక్కన నిలవదు. తాగలేదని రుజువు చేసుకున్నాడు. రుజువైన మరుక్షణం, తాగినవాడికి దొరికే మినహాయింపు కూడా పోయింది.

"నువ్వు తాగినట్టు నటించావు, నేను నిజంగా తాగాను" అన్నాడు దరువు. "ఇద్దరిలో ఎవడు పెద్ద వెధవో తేల్చు అక్కా."

"నోరుముయ్యిరా" అంది వాళ్ళక్క, తల ఎత్తకుండానే. "ఇద్దరూ ఇద్దరే."

దరువు లేచాడు. తూలలేదు కానీ గోడ పట్టుకునే లేచాడు. వాళ్ళక్క చప్పున చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికి?"

"కొట్టుకి కాదులే. పోవాలని లేదని అనను, ఉంది. అబద్ధాలు ఈ ఇంట్లో ఇప్పటికే ఎక్కువయ్యాయి." వచ్చి పిట్ట ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. "గొంతు ఎంతసేపటికి తిరిగొస్తుంది బావా?"

కాసేపు పడుతుందన్నట్టు పిట్ట చెయ్యి ఆడించాడు.

"కూర్చుంటాను. వచ్చాక ఇద్దరం మాస్టారి దగ్గరికి పోదాం. నా గురించి ఏం చెబుతావో నాకు అక్కర్లేదు. నన్ను తీసుకుంటాడో లేదో ఆయనిష్టం. నీ గురించి మాత్రం అంతా చెప్పాలి. జబ్బు సంగతి, కాలరు సంగతి, నిన్న నోరు మూసుకుని నిలబడ్డ సంగతి. అందరూ ఉన్నప్పుడు చెప్పాలి, చెల్లెమ్మ ముందు కూడా. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్పను, ముందే అంటున్నా. పక్కన నిలబడతానంతే."

వాళ్ళావిడ లేచి నీళ్ళు తెచ్చింది. గోరువెచ్చగా ఉన్నాయి. మెల్లగా, చెంచాతో పట్టింది. ఆ తర్వాత సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. అన్నీ పెట్టలేదు. కొన్ని సంచీలోనే ఉంచింది, సంచీ తలుపు పక్కనే ఉంచింది. పిట్ట అది చూశాడు. చూసినట్టు ఆవిడకి తెలుసు.

ముగ్గురూ గొంతు కోసం కూర్చున్నారు. ఎన్నో స్టేజీల వెనక ఇలా కళ్ళు మూసుకుని, రా తల్లీ రా అని దాన్ని బతిమాలుకున్నాడు పిట్ట. ఇవాళ మాత్రం, ఇంకాసేపు, ఇంకొంచెంసేపు రాకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాడు. గుడ్ల అట్టల గది, కీబోర్డు మీద ఆగిపోయే మాస్టారి వేళ్ళు, ఆ తర్వాత మెల్లగా, మర్యాదగా, "అలాగా... కూర్చోండి" అనబోయే ఆ గొంతు, అన్నీ కళ్ళకి కట్టాయి. ముందు కుడిరెప్ప లేచింది. తర్వాత ఎడమది. దవడ దాని చోటికి వెళ్ళి బిగుసుకుంది. నాలుక తేలికైంది. ఎవరికీ చెప్పకుండా ఇంకో నాలుగు క్షణాలు అలాగే కూర్చున్నాడు.

దరువు అతని కళ్ళలోకే చూస్తున్నాడు. "వచ్చింది కదా బావా?"

పిట్ట కిటికీ వైపు చూశాడు. వాళ్ళావిడ వైపు చూశాడు.

"వచ్చింది" అన్నాడు. స్పష్టంగా పలికింది.

"పద" అన్నాడు దరువు, చెప్పులు వేసుకుంటూ.